సుల్తాన్‌పేట ప్రింటింగ్ షాపు: రేటు ఎక్కువ, చాదస్తం ఇంకా ఎక్కువ, అయినా రెండోసారి వెళ్ళాం

షాపు పేరు రాయడం లేదు. ముందే చెప్తే తర్వాత తిట్టుకోరని చెప్తున్నా. పేరు లేని రివ్యూ దేనికయ్యా అంటారేమో, కారణం కిందికి వస్తే మీకే తెలుస్తుంది. బెంగళూరు సుల్తాన్‌పేటలో ఉంది, అంతవరకే. అక్కడ పెళ్ళి పత్రికలు, బిల్లు పుస్తకాలు, క్యాలెండర్లు వేసే షాపులు సందుసందుకీ ఉన్నాయి కాబట్టి అంతమాత్రం చెప్తే ఎవరికీ నష్టం లేదు. ఎలక్షన్ పని మీద కరపత్రాలు వేయించాలనుకునే తెలుగువాళ్ళకి, ముఖ్యంగా సొంత పార్టీ పెద్దలనే లెక్క అడగాలనుకునే తిక్కమనుషులకి ఇది పనికొస్తుంది.

మాది కె.ఆర్.పురం వైపు. మా అక్క, అంటే సొంత అక్క కాదు, పక్క వీధి, టైలరింగ్ షాపు నడుపుతుంది, మదనపల్లె నుంచి పెళ్ళయి వచ్చి ఇక్కడే ఇరవై ఏళ్ళు దాటింది. పదకొండేళ్ళుగా ఒకటే పార్టీ. ఏ పార్టీ అన్నది వదిలేయండి, ఏ పార్టీ పేరు పెట్టి చదువుకున్నా కథ మారదు. జెండా కట్టడం నుంచి బూత్‌లో కూర్చోవడం దాకా అన్నీ చేసింది. ఇక్కడ కార్పొరేటర్ల ఎన్నికలు ఆఖరుసారి జరిగింది 2015 ఆగస్టులో, 2020 సెప్టెంబరులో వాళ్ళ గడువు అయిపోయింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి కార్పొరేటరనే మనిషే లేడు. అప్పట్లో 198 వార్డులు. ఇప్పుడు బీబీఎంపీ, అంటే ఊరంతటికీ ఒకటే ఉన్న పాత కార్పొరేషన్, పోయి ఐదు కార్పొరేషన్లు అయ్యాయి, వార్డులు 369. దాంతో ఇన్నేళ్ళు నిద్రపోయిన వాళ్ళందరూ లేచి టికెట్ టికెట్ అంటున్నారు. అక్క కూడా అడిగింది. అడిగి ఊరుకుంటే బాగుండేది, దాంతోపాటు ఒక పాత లెక్క కూడా అడిగింది.

2022 సెప్టెంబరు వానలు గుర్తున్నాయి కదా, మహదేవపుర వైపు సాఫ్ట్‌వేర్ వాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకి పోయిన వారం. అప్పుడు మా వార్డు పార్టీ ఆఫీసు వాళ్ళు షాపుల దగ్గర, అపార్ట్‌మెంట్ల దగ్గర డబ్బు వసూలు చేశారు, నీళ్ళు చేరిన ఇళ్ళకి బియ్యం, పప్పు, దుప్పటి కలిపి కిట్లు ఇస్తామని. తర్వాత మీటింగులో 800 కిట్లు ఇచ్చాం, ఒక్కోటి 650 రూపాయలు, మొత్తం 5,20,000 అని చదివి చప్పట్లు కొట్టించుకున్నారు. స్కూలు గ్రౌండులో టేబుల్ వేసుకుని టోకెన్లు చింపి కిట్లు ఇచ్చింది మా అక్కే. ఆమె చింపిన పుస్తకాలు ఏడు, ఒక్కోదాంట్లో 50. అంటే 350. ఆ కౌంటర్‌ఫాయిళ్ళు, అంటే టోకెన్లు చింపగా పుస్తకంలో మిగిలిన ముక్కలు, కుట్టుమిషను కింద డబ్బాలో ఇప్పటికీ ఉన్నాయి. మిగతా 450 ఎవరు, ఎక్కడ ఇచ్చారు అంటే, ఇంకో సెంటర్‌లో ఇచ్చాం, నీకెందుకు అన్నారు. 2,92,500 రూపాయల "నీకెందుకు" అది.

ఇక్కడ ఆర్‌టీఐ పెట్టొచ్చు కదా అని నాకు చాలామంది సలహా ఇచ్చారు. 2013లో కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలు ఆ చట్టం కిందికి వస్తాయని తేల్చింది, పార్టీలు దాన్ని పట్టించుకోలేదు. ఢిల్లీలోనే చెల్లనిది మా వార్డు ఆఫీసులో ఏం చెల్లుతుంది. రెండు వేలు దాటిన విరాళం నగదుగా తీసుకుంటే పార్టీకి ఆదాయపు పన్ను మినహాయింపు దొరకదని కూడా రూలు ఉంది, కానీ రసీదే ఇవ్వని చోట అది రెండు వేలో ఇరవై వేలో ఎవరు చెప్తారు.

సరే, షాపు సంగతికి వస్తా.

ఆ షాపు మాకు తెలిసిందే కౌంటర్‌ఫాయిల్ వల్ల. టోకెన్ పుస్తకం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ప్రెస్సు పేరు ఉంది. ఇంకేం, అక్కడికి పోయి మొత్తం ఎన్ని పుస్తకాలు వేశారో అడిగేస్తే సరిపోతుంది కదా అని నేనూ అక్కా బయల్దేరాం. పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ దాకా, అక్కడ మారి గ్రీన్ లైన్‌లో ఒక్క స్టేషను, చిక్‌పేట. కారు తీసుకుపోకండి, బైకు కూడా వద్దు, పార్కింగ్ కోసం తిరిగే టైములో రెండు ప్రూఫులు చూడొచ్చు.

షాపు మేడ మీద, మెట్లు ఎంత ఇరుకంటే కాగితం బండిల్ దింపే కుర్రాడు ఎదురొస్తే మీరు వెనక్కి దిగాల్సిందే. కింద మిషను మోత, పైన రెండు కంప్యూటర్లు, ఇంకు వాసన. ఓనరు అరవై దాటిన మనిషి, హిందూపురం వైపు తెలుగు, మధ్యలో కన్నడం దొర్లుతుంది. అక్క విషయం చెప్పి కౌంటర్‌ఫాయిల్ ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు తీసి చూశారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"చెప్పనమ్మా."

అంతే. నాకు మండిపోయింది. ఇది పబ్లిక్ డబ్బు సార్, పేదోళ్ళ కిట్లు సార్ అని నేను మొదలుపెట్టాను. ఆయన నా వైపు తిరిగి, "ఏమప్పా, వాళ్ళ ఆర్డరు మీకు చూపిస్తే రేపు మీ ఆర్డరు వాళ్ళకు చూపిస్తా. అట్లాంటి షాపు కావాలంటే ఈ వీధిలోనే ఉన్నాయి, పోండి. పోలీసులో కోర్టో అడిగితే పుస్తకం తీస్తా, మీరడిగితే తీయను" అన్నారు. టీ కూడా ఇవ్వలేదు. ఆ రోజే రివ్యూ రాసుంటే ఒక్క స్టార్ కూడా దండగ అని రాసేవాణ్ణి.

తిరుగు మెట్రోలో అక్క ఆ కౌంటర్‌ఫాయిల్ పట్టుకుని కూర్చుంది. ప్రెస్సు పేరు పక్కన ఏవో అంకెలు ఉన్నాయి, 7x50, 9/22 అని. మేమిద్దరం ఫోను కెమెరాతో పెద్దది చేసి చూశాం. ఏడు పుస్తకాలు, యాభై చొప్పున, 2022 సెప్టెంబరు. బిల్లు పుస్తకాలు వేసేవాళ్ళు ఎన్ని వేశారో, ఎప్పుడు వేశారో అడుగున ఇట్లా వేసుకోవడం పాత అలవాటట, మాకేం తెలుసు. మూడేళ్ళుగా అది కుట్టుమిషను కిందే ఉంది. మేం దాన్ని చూడకుండా ఊళ్ళన్నీ తిరిగాం. మిగతా పుస్తకాలు ఇంకో ప్రెస్సులో వేయించాం అని వాళ్ళు అనొచ్చు, కాదనను. అన్నప్పుడు ఆ 450కి తొమ్మిది పుస్తకాలు తెచ్చి చూపించాలి కదా.

అప్పుడే అక్క అంది, కరపత్రం వేయిస్తే ఆయన దగ్గరే వేయిస్తానని. నోరు జారని మనిషి దగ్గర మన కాగితం భద్రంగా ఉంటుందని ఆమె లెక్క. నేను మాత్రం వేరే షాపు కూడా అడిగి చూశాను, అక్కడ ఒక కాపీకి 1.90 చెప్పి వెంటనే "బిల్లు కావాలా, బిల్లు ఎంతకి కావాలా" అని అడిగాడు. ఎంతకి కావాలా అంటే ఏమిటి అంటే నవ్వాడు. ఎలక్షన్ పని మీద వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వేయించిన దానికంటే ఎక్కువకి బిల్లు అడుగుతారట, ఇంకొందరు తక్కువకి. కింద ప్రెస్సు పేరు కూడా అక్కర్లేకపోతే తీసేస్తాను అన్నాడు, ఏదో ఫ్రీ ఆఫర్ ఇచ్చినట్టు.

మా పెద్దాయన రేటు 2.60, జీఎస్టీ వేరే. 80 జీఎస్‌ఎమ్ మందం మాప్లిథో కాగితం, ఏ4, రెండు వైపులా రెండు రంగులు, ఒక మడత, 3000 కాపీలు. అంటే రెండు వేల పైన తేడా. బేరం లేదు. అడ్వాన్సు సగానికి పైనే. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడున్నర దాకా ఫోను ఎత్తరు, ఎత్తకపోవడమే కాదు, కట్ చేస్తారు. ఇవన్నీ మైనస్సులే, దాచను.

ఇక చాదస్తం. మేం మేటర్ ఇచ్చాం. రాసింది నేను, కాబట్టి కొంచెం మంట ఉంటుంది కదా, వార్డు పెద్దల్ని గద్దలన్నాను, బియ్యం బొక్కారన్నాను, ఒక చోట ప్రాస కూడా కుదిరింది. ఆయన డీటీపీకి, అంటే కంప్యూటర్‌లో టైపు కొట్టి పేజీ పెట్టడానికి, ఇవ్వకుండా ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నారు. ప్రింటరు మేటర్ దిద్దడం ఏమిటండీ! బొక్కారు అన్న చోట గీత గీసి, "ఎవరన్నా చూశారా బొక్కేది?" అన్నారు.

"చూడలేదు, కానీ 800 అని చదివి..."

"అయితే అదే రాయి. 800 అని చదివారు, నా చేత్తో ఇచ్చినవి 350, మిగతావి ఎవరిచ్చారు అని. నువ్వు గద్ద అంటే వాడు నిన్ను కాకి అంటాడు, అక్కడితో సరిపోతుంది. అంకెకి అంకె చెప్పాలంటే వాడికి చెమటలు పడతాయి."

నేను నా ప్రాస కోసం పోరాడాను. అక్క మాత్రం అప్పటికే తల ఊపేసింది. తర్వాత ఆయనే అసలు భయం చెప్పారు. పరువునష్టం కేసు పడితే రాసినవాళ్ళ మీదే కాదు, తెలిసి అచ్చేసినవాడి మీద కూడా పడుతుంది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, రెండేళ్ళ దాకా జైలు. మంచం మీద పడుకుని ఫోన్లో పోస్టు పెట్టేవాడికి ఆ టెన్షన్ తెలీదు. మిషను పెట్టుకున్నవాడికి తెలుసు.

రెండో చాదస్తం డిక్లరేషన్. ఎవరు వేయిస్తున్నారో వాళ్ళ సంతకం, వాళ్ళని స్వయంగా ఎరిగిన ఇద్దరి సాక్షి సంతకాలు, రెండు కాపీలు. ఇది ఆయన కనిపెట్టింది కాదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఏ సెక్షన్ ఉంది, అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకి కరపత్రమో పోస్టరో వేస్తే ప్రింటరు పేరు, వేయించినవాళ్ళ పేరు, అడ్రసులతో సహా దాని మీదే ఉండాలి, తప్పితే ఆరు నెలల దాకా జైలు లేదా రెండు వేల దాకా జరిమానా లేదా రెండూ. మాది అసెంబ్లీ కాదు సార్, వార్డు, అది కూడా ఇంకా మా పార్టీ లోపలి గొడవే అన్నాను. "అసెంబ్లీకొక పద్ధతి, వార్డుకొక పద్ధతి నాకు గుర్తుండదప్పా. అన్నిటికీ ఒకటే" అన్నారు. సాక్షి సంతకాలు పెట్టేవాళ్ళ కోసం మేం పడ్డ పాట్లు వేరే రాయాలి. మీటింగుల్లో అక్క వెనక నిలబడి ఫొటోలు దిగినవాళ్ళు ఒక్కొక్కరూ, ఊళ్ళో లేననీ, ఆధార్ దొరకట్లేదనీ, మా ఆయన ఒప్పుకోడనీ. చివరికి సంతకాలు పెట్టింది ఎవరంటే పూలమ్మే ఆమె, ఇంకా అక్క షాపులో కాజాలు కుట్టే అబ్బాయి. ఆ అబ్బాయి పెన్ను తీసుకుని రెండు కాపీల మీదా నిదానంగా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా రాశాడు, పెద్దాయన అతనికి మాత్రం టీ తెప్పించారు.

మూడోది నేను నిజంగా భయపడ్డ విషయం. కౌంటర్‌ఫాయిల్ ఫొటో కరపత్రంలో వేయాలి, అందులో ఈయన షాపు పేరే ఉంది. ఇప్పుడు ఎగిరి పడతారు అనుకున్నా. ఆయన ఫొటో చూసి, "నా పేరు నేనే వేసుకున్నా కదా, ఇప్పుడు వద్దంటే ఎట్లా. కొంచెం పెద్దగా వేయి, అంకెలు కనపడాల" అని డీటీపీ అమ్మాయికి చెప్పి కిందికి పోయారు.

డీటీపీ గురించి చెప్పాలి, తెలుగువాళ్ళకి అసలు సమస్య ఇక్కడే. ఒక వైపు కన్నడం, ఒక వైపు తెలుగు పెట్టాం. కన్నడం గంటలో అయిపోయింది. తెలుగు మూడు ప్రూఫులు పట్టింది. ఫోన్లో టైపు చేసిన మేటర్ వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్‌లో పెడితే వత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడతాయి, కార్యకర్తలు అన్న మాట చదవాలంటే ఎక్కాలు అప్పజెప్పినట్టు ఉంటుంది. అప్పుడు అను అనే ప్రెస్సు వాళ్ళ తెలుగు ఫాంటులో మళ్ళీ మొదటి నుంచి కొట్టాలి. ఆ అమ్మాయి కన్నడం అమ్మాయి, లిపి దగ్గరే కాబట్టి చూసి కొట్టగలదు, కానీ అర్థం తెలిసి కొట్టడం వేరు. రెండో ప్రూఫులో "నిధులు ఏమయ్యాయి" అన్నది "విధులు ఏమయ్యాయి" అని వచ్చింది. అక్క చూసి, అది కూడా కరెక్టే కదా అంది. నవ్వుకున్నాం కానీ మార్పించాం. మీరు వెళ్తే మేటర్ చదివే మనిషిని వెంట తీసుకెళ్ళండి, ప్రూఫు మీద సంతకం పెట్టాక తప్పు కనపడితే ప్లేటు డబ్బులు మీవే.

ఇంకో సంగతి. ఆ అమ్మాయి అలవాటు కొద్దీ అక్క ఫొటోని తెల్లగా చేసి, బుగ్గలు నున్నగా చేసి పెట్టింది. ఎలక్షన్ ఫొటో అంటే అందరూ అడిగేది అదేనట. అక్క చాలాసేపు చూసి, "ఈమెకి ఓటెయ్యమంటే నేనే వెయ్యను, నా మొహం నాకు ఇచ్చెయ్ తల్లీ" అంది. మళ్ళీ నలుపు తెచ్చారు. దానికి ఎక్స్‌ట్రా తీసుకోలేదు.

డెలివరీ చెప్పిన రోజుకి రాలేదు. రెండు రోజులు లేటు. ఆదివారం మా వాళ్ళని పోగేసి పంచుదామని పెట్టుకున్నాం, అది పోయింది, దీనికి మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు. ఎవరిదో పెళ్ళి పత్రిక మధ్యలో వచ్చిందట, ముహూర్తం ఆగదు కదా అన్నారు. మాదీ ఒక రకంగా ముహూర్తమే అని చెప్పినా వినలేదు. ఒక బండిల్‌లో మడత వంకర పడింది, వంద కాపీల దాకా. అడిగితే మారు మాట్లాడకుండా మళ్ళీ వేసి ఇచ్చారు, పైగా ఆ వంకరవి లెక్కపెట్టి వెనక్కి తీసుకుని మా కళ్ళ ముందే కటింగ్ మిషనులో పెట్టారు. ఒక్క కాపీ ఎక్కువ బయటికి పోకూడదట. బిల్లులో 3000 అంటే 3000. మొత్తం పదిహేను కిలోలు, రెండు సంచుల్లో సర్ది ఇద్దరం మెట్రోలో తెచ్చుకున్నాం.

పంచింది మా పార్టీ సభ్యుల ఇళ్ళకీ, ఆ వానలప్పుడు నీళ్ళు చేరిన వీధులకీ మాత్రమే. ఆ కరపత్రంలో తిట్లు లేవు. మూడు ప్రశ్నలు, ఒక ఫొటో, "351 నుంచి పై నంబరు టోకెను ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చి చూపించండి, అందరి ముందు తప్పు ఒప్పుకుంటాను" అని ఒక మాట, కింద అక్క పేరు, అడ్రసు, ప్రెస్సు పేరు, అడ్రసు. నా ప్రాస ఉంటే చదివి నవ్వి పడేసేవాళ్ళేమో, ఇది మాత్రం జనం మడిచి దాచుకున్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కాదు కానీ నిజం. నాలుగు రోజులు టోకెను తెచ్చినవాళ్ళు లేరు, అక్క షాపుకొచ్చి "మా వీధికి అసలు కిట్టే రాలేదమ్మా" అని చెప్పినవాళ్ళు మాత్రం ఉన్నారు, వాళ్ళలో కిట్లు అందాయని ఆఫీసు వాళ్ళు చెప్పుకున్న వీధి వాళ్ళు కూడా.

ఐదో రోజు బ్లాకు ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. పార్టీ క్రమశిక్షణ తప్పారు, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి అని. 450 కిట్ల గురించి ఒక్క ముక్క లేదు. తేదీ కూడా లేదు, ఏడు రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టుకోవాలో మరి. టికెట్ సంగతి ఇంకా తేలలేదు, పార్టీ వదిలి ఇండిపెండెంట్‌గా నిలబడమని కొందరు, సారీ చెప్పి లోపలే ఉండమని కొందరు. అక్క మాత్రం, "పదకొండేళ్ళు జెండా కట్టింది నేను, లెక్క చెప్పనివాళ్ళు పోవాలి గానీ నేనెందుకు పోతా" అంటోంది. సంజాయిషీ కూడా అచ్చేయించి అదే మూడు వేల ఇళ్ళకి పంచుతానంది, ఆఫీసులో ఇస్తే బీరువాలో పెడతారని.

అందుకని పోయిన వారం మళ్ళీ సుల్తాన్‌పేట. ఈసారి డిక్లరేషన్ ముందే రాసుకుని పోయాం, సాక్షులు కూడా దొరికారు, ఈసారి ఇద్దరు కాదు, ఆరుగురు వస్తామన్నారు, ఆయన ఇద్దరు చాలన్నారు. గోడ మీద ప్రతి ఏడాదీ మా వార్డు పెద్దల ఫొటోలతో వేసే క్యాలెండరు శాంపిల్ తగిలించి ఉండేది, పోయినసారి చూశాను. ఈసారి ఆ మేకు ఖాళీగా ఉంది. ఏమైంది సార్ అంటే, "ఆ ఆర్డరు ఈ ఏడు రాలేదప్పా" అని ప్రూఫు మీదికి తల వంచుకున్నారు. ఎన్ని వేల కాపీల ఆర్డరో అడగబోయి, చెప్పరని గుర్తొచ్చి ఊరుకున్నా. షాపు పేరు రాయనిది అందుకే. మిగతా ఆర్డర్లన్నా ఉండనివ్వండి.

రేటింగ్ అంటే, అచ్చుకి నాలుగు, టైముకి రెండు, మాటతీరుకి ఒకటిన్నర. మడత ఈసారి ఒక్కటీ వంకర పోలేదు. పేపరు రేటు పెరిగిందని కాపీకి ఇరవై పైసలు ఎక్కువ తీసుకున్నారు. ఇంత జరిగాక కూడా తగ్గించరా అని అక్క అడిగింది, నేనూ అడిగాను. తగ్గలేదు.